ఏమన్న పోయిందా బిడ్డా?

పోయిన నెల మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. గోడ మీద క్యాలెండర్లో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం చుట్టూ ఎర్ర సున్నాలు కనిపిస్తే ఏమిటవి అని అడిగాడు. మొక్కలు చూడ్డానికి వెళ్తామని చెప్పాను. పొద్దున ఐదున్నరకు బయల్దేరి, నర్సాపూర్ అడవికో అనంతగిరికో పోయి, పదకొండింటిదాకా గడ్డిలో తిరిగి వస్తామన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అత్తా, ఫోను చూపిస్తే రెండు సెకన్లలో పేరు చెప్తుంది కదా, దానికి ఇంతమంది ఎందుకు?" అన్నాడు.

వాడి మాటలో వెక్కిరింపేమీ లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నేనేమో మంచి గాలి, నడక, ఆరోగ్యం అంటూ నోటికొచ్చింది చెప్పి తప్పించుకున్నాను. అందులో ఒక్కటీ నిజం కాదు. నడక కోసమైతే మా కాలనీ పార్కు చాలు. అసలు మా గుంపుతో వెళ్తే నడక సాగదు, గంటకు అరకిలోమీటరు దాటితే ఎక్కువ. ఎవరో ఒకరు ఆగుతారు, ఆగినవాళ్ళ చుట్టూ మిగతావాళ్ళు చేరతారు, ఇక అక్కడ పావుగంట.

వాడు వెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ పోస్టు ఆ బాకీ తీర్చుకోవడానికే.

ఒక్కరే వంగితే

ఈ పిచ్చి నాకు రిటైరయ్యాక పట్టింది. మొదట్లో ఒక్కదాన్నే తిరిగేదాన్ని. మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ ప్లాటు ఉంది. వానాకాలంలో అక్కడ నేలకు పరుచుకుని చిన్న నీలిపువ్వు పూస్తుంది, చొక్కా గుండీ కంటే చిన్నది. ఒకరోజు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "మేడం, ఈ ప్లాటు అమ్మకానికి లేదు" అన్నాడు. ఇంకోసారి ఇద్దరు పిల్లలు నా చెవిదుద్దు పడిపోయిందనుకుని నాతోపాటు పది నిమిషాలు వెతికారు. పువ్వును చూస్తున్నానని చెప్పడానికి సిగ్గేసి, దొరికిందిలే నాయనా అని పంపేశాను.

ఆ పువ్వు విష్ణుక్రాంత. వినాయక చవితి నాడు 21 రకాల పత్రితో పూజ చేస్తాం కదా, అందులో ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా "విష్ణుక్రాంతపత్రం పూజయామి" అంటూ, బజార్లో కొన్న పత్రి కట్టలోంచి చేతికందిన ఆకు తీసి వేస్తూ వచ్చాను. ఆ మొక్క ముఖం మొదటిసారి చూసేసరికి నాకు 58 ఏళ్ళు. దాన్ని చూపించింది మా గుంపులోని ఒక హోమియో డాక్టరుగారు. ప్లాటులోని మొక్క అదేనని అప్పుడు తెలిసింది. పొద్దున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది కాబట్టి, పదింటికి లేచేవాళ్ళకు ఈ జన్మలో కనబడదు.

గుంపుతో తిరగడంలో మొదటి సుఖం వంగడానికి ధైర్యం రావడం. పన్నెండుమంది బోర్లాపడి ఒకే గడ్డిపోచను చూస్తుంటే ఎవరూ వాళ్ళను పిచ్చివాళ్ళనుకోరు. అనుకున్నా ఫరవాలేదనిపిస్తుంది. మనకు వయసు పెరిగేకొద్దీ నేలకేసి చూసే అలవాటు పోతుంది. ఒంటరిగా దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఇరవై ఏళ్ళ ఇంజనీరింగ్ కుర్రాడూ డెబ్బై దాటిన రిటైర్డ్ బాటనీ సారూ పక్కపక్కన పడుకుని, భూతద్దం చేతులు మార్చుకుంటూ ఒక తుమ్మిపువ్వును చూడటం నాకు ఈ ఊళ్ళో ఇంకెక్కడా కనిపించలేదు.

గిలిగిచ్చ

రెండేళ్ళ కిందట, ఆగస్టులో, నర్సాపూర్ అడవి అంచున పసుపుపచ్చ పూల మొక్క ఒకటి దొరికింది. మోకాలెత్తు, పువ్వు చిక్కుడుజాతి పువ్వులా ఉంది. రెండు ఫోన్లు బయటికొచ్చాయి. రెండూ రెండు పేర్లు చెప్పాయి, రెండూ అంతే నమ్మకంగా చెప్పాయి. సారు మాత్రం ఆకు వెనక్కి తిప్పి చూసి, కాడ తడిమి, "కాయ రానీండి" అన్నారు. ఆయన దగ్గర ఒక పాత రూళ్ళ నోటుపుస్తకం ఉంటుంది. అందులో పేరు, చోటు, తేదీలతోపాటు "అనుమానం" అని ఒక గడి. ఆ రోజు పేరు గడి ఖాళీగానే ఉంది, అనుమానం గడి నిండిపోయింది.

నవంబర్లో మళ్ళీ వెళ్ళాం. మేకలు మేసినన్ని మేయగా మూడు మొక్కలు మిగిలాయి. మాతో వచ్చిన ఏడేళ్ళ పిల్ల ఎండిన కాయ తెంపి చెవి దగ్గర ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. అప్పటిదాకా చెట్టు కింద నిలబడి మమ్మల్ని వింతగా చూస్తున్న ముసలామె, ఆ మేకలు ఆమెవే, దగ్గరికొచ్చి అడిగింది: "ఏం దేవులాడుతున్నరు? ఏమన్న పోయిందా బిడ్డా?"

పోలేదమ్మా, ఈ మొక్క పేరు తెలీక చూస్తున్నామన్నాం.

"గిలిగిచ్చ గదా అది" అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు.

సారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ మొక్కల జాతికి శాస్త్రంలో ఉన్న పేరు క్రోటలేరియా. గ్రీకులో క్రోటలాన్ అంటే చేత్తో వాయించే చిడతల్లాంటి వాయిద్యం. కాయ ఊపితే వచ్చే చప్పుడును బట్టే అక్కడ ఆ పేరు. ఇక్కడేమో గిలిగిచ్చ, పైకి అనిచూస్తే చాలు, అందులోనే గింజలు కదులుతాయి.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఆగస్టులోనే రెండు ఫోన్లలో ఒకటి జాతి పేరు సరిగ్గానే చెప్పింది. ఈ లెక్కన మా మేనల్లుడు గెలిచినట్టే. రెండు సెకన్లలో తేలే సంగతికి మాకు మూడు నెలలు, రెండు ప్రయాణాలు పట్టాయి.

అయితే నా ఫోనులో ఇప్పటికి వెయ్యికి పైగా పూల ఫోటోలున్నాయి, చాలావాటికి కింద యాప్ చెప్పిన పేరూ ఉంది. ఈ వ్యాసం రాయబోయే ముందు నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. ఫోను పక్కనపెట్టి, గుర్తున్న మొక్కల పేర్లు కాగితం మీద రాశాను. అరవై దాకా వచ్చాయి. ఒక్కో పేరు పక్కన దాన్ని నాకు ఎవరు చెప్పారో రాసుకుంటూ పోయాను. నాలుగైదు తప్ప అన్నిటి పక్కనా ఒక మనిషి ఉన్నారు. వాకుడు అంటే ముల్లు గుచ్చుకుని కెవ్వుమన్న డాక్టరుగారు. తుమ్మి అంటే, చవితినాడు తుమ్మికూర వండకపోతే మా అత్త ఊరుకోదని చెప్పే మా గుంపులోని సిద్దిపేట కోడలు. ఆ నాలుగైదూ చిన్నప్పుడు నేర్చుకున్నవి, అవి ఎవరు చెప్పారో మర్చిపోయానంతే. యాప్ చెప్పిన పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

చెప్పిన మనిషి లేని పేరు నా తలలో నిలబడటం లేదు. మా వాడికి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇదే. ఇది నా ఒక్కదాని మతిమరుపు కావచ్చు, వయసు ప్రభావం కావచ్చు. గుంపులో కుర్రాళ్ళను అడిగితే వాళ్ళదీ దాదాపు ఇదే లెక్క అన్నారు. మొహమాటానికి అన్నారేమో తెలీదు.

సామర్లకోటలో డాక్టరు

ఈ వాదనకు ఎదురుదెబ్బ కొట్టే సంగతి ఒకటుంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చి, 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేశాడు, సర్కారు జిల్లాల మొక్కలన్నీ పోగుచేశాడు, మనవాళ్ళైన చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో మొదలై 1820 దాకా వెలువడిన మూడు పెద్ద సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. ఆయన రాతల్లో మొక్క తర్వాత మొక్కకు తెలుగు పేరు కనిపిస్తుంది, "తెలింగ" భాషలో ఇలా అంటారు అని. మన సోమిద చెట్టు శాస్త్రీయ నామంలోకి సొయ్‌మిడాగా ఎక్కి కూర్చుంది. ప్రపంచంలో ఏ బాటనిస్టు ఆ చెట్టు పేరెత్తినా తెలుగు మాట పలకాల్సిందే.

ఆ పేర్లు చెప్పిందెవరు? ఏ చెట్టు కింద నిలబడి, ఏ మేకలు కాసుకుంటూ, "సోమిద గదయ్యా అది" అన్నదెవరు? పుస్తకాల్లో వాళ్ళ పేర్లు లేవు. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు కూడా చాలామటుకు లేవు. చెప్పిన మనిషి చెరిగిపోయినా పేరు రెండువందల ఏళ్ళు పైన బతికిందిగా, నీ సిద్ధాంతం ఏమైనట్టు అని మీరు అడగొచ్చు.

నా దగ్గర సగం జవాబే ఉంది. పేరు పుస్తకంలో బతికింది. సోమిద అంటే ఏ చెట్టో మీలో ఎంతమందికి తెలుసు? మా గుంపులో సారును మినహాయిస్తే నాతో సహా ఎవరికీ తెలీదు. పుస్తకం పేరును దాచిపెట్టగలదు. చెట్టునూ పేరునూ కలిపి ఇంకొకరి చేతిలో పెట్టాలంటే, పక్కన నిలబడి వేలుపెట్టి చూపించే మనిషి కావాలి.

ఇలా రాసి గర్వపడబోతుండగా గుర్తొచ్చింది. గిలిగిచ్చ సంగతిని ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో రాసింది నేనే. అందులో "ఒక స్థానిక మహిళ చెప్పింది" అని రాశాను. ఆమె పేరు నేను అడగలేదు. గుంపులో ఎవరూ అడగలేదు. పులిహోర డబ్బాలు తెరిచినప్పుడు కూడా మా వలయం మాదే, ఆమె చెట్టు ఆమెదే. కంపెనీ డాక్టరును విమర్శించడానికి నాకున్న అర్హత అంతే.

ఎవరి గుంపు ఇది

నాకున్న పెద్ద అనుమానం ఇదే. ఇలాంటి బృందాలు కారున్నవాళ్ళవి, ఆదివారం సెలవున్నవాళ్ళవి. మా గుంపులో మాటలు తెలుగులో మొదలై, పువ్వు దగ్గరికొచ్చేసరికి ఇంగ్లిషులోకి జారతాయి, లాటిన్ దగ్గర ఆగుతాయి. జహీరాబాద్ వైపు పొలాల్లో విత్తకుండానే మొలిచే ఆకుకూరలను డజన్లకొద్దీ పేర్లతో చెప్పే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకు ఇది క్లబ్బు విషయం కాదు, కూర విషయం. వాళ్ళకు తెలిసినదాన్ని మనం సరదాగా కనిపెడుతున్నామా అని ఒక్కోసారి ఇబ్బందిగా ఉంటుంది.

లాటిన్ ఉన్నంత మాత్రాన అది దొరల వ్యవహారం కానక్కర్లేదని కూడా తెలుసు. 19వ శతాబ్దపు మొదట్లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో నేతపనివాళ్ళకూ చెప్పులు కుట్టేవాళ్ళకూ మొక్కల క్లబ్బులుండేవి. ఆదివారాలు సారాకొట్లో చేరేవాళ్ళు. తలా ఇంత వేసుకుని పుస్తకాలు కొనేవాళ్ళు. కోసుకొచ్చిన మొక్కలను బల్ల మీద పోసి, ఒకరు పేరు చెబుతుంటే మిగతావాళ్ళు విని నేర్చుకునేవాళ్ళు. జాన్ హార్స్‌ఫీల్డ్ అనే నేతగాడు, మొక్కలను వర్గాలుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన వర్గాల పేర్లు కాగితం మీద రాసి మగ్గం గుంజకు తగిలించి, నేస్తూ నేస్తూ కంఠతా పట్టాడు. తర్వాత ప్రెస్ట్‌విచ్ క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. ఇది చదివినప్పుడు నాకు పోచంపల్లిలో గుంటమగ్గం ముందు కూర్చున్న మనిషి కళ్ళముందుకొచ్చాడు. అయితే సారాకొట్టు అంటేనే ఆడవాళ్ళు బయట. ప్రతి గుంపూ ఎవరినో ఒకరిని చెట్టు కింద నిలబెడుతుంది.

మన ఊళ్ళలోనూ ఇలాంటి గుంపులు ఉండేవి, క్లబ్బు అనే మాటే లేదు. బతుకమ్మ రోజుల్లో గునుగు కోసం, తంగేడు కోసం పిల్లలం పొద్దున్నే చెలకల్లో పడేవాళ్ళం. ఏ గట్టు మీద గునుగు ఎత్తుగా పెరిగిందో ముందురోజే చూసి పెట్టుకోవడం, పక్క వాడకట్టు వాళ్ళకు చెప్పకపోవడం, అదో రాజకీయం. తంగేడు 2014లో రాష్ట్ర పుష్పమైంది. ఇప్పుడు అది బతుకమ్మ ముందు రోజు బజార్లో కట్టలుగా వస్తుంది. ఈ జ్ఞాపకాన్ని మరీ తీపిచేయను. ఏ వాడ పిల్లలు ఏ చెలకలోకి రావచ్చో, ఎవరి పూలు ఎవరు ముట్టొచ్చో మాకు పువ్వుల పేర్లకంటే ముందే నేర్పారు.

తగాదాలు, తవ్వకాలు

మా గుంపులో ఎడతెగని తగాదా ఒకటుంది, అసలు "మన" పువ్వంటే ఏది అని. మనం చూడాల్సింది ఇక్కడి అడవిపూలేనని కొందరి పట్టుదల. లంటానా, వయ్యారిభామ బయటినుంచి వచ్చిపడ్డవంటే ఎవరికీ పేచీ లేదు. గడ్డిచామంతి దగ్గర మాత్రం గొంతులు లేస్తాయి. మా వైపు నల్లాలం అంటాం. మోకాలు పగిలితే ఆ ఆకు నలిపి పసరు పిండని బాల్యం మాలో ఎవరికీ లేదు. అదీ మధ్య అమెరికా నుంచి వచ్చిందే. సిగ్గాకు అని ముట్టి ముడిపించే అత్తిపత్తి కూడా అక్కడిదే. బతుకమ్మలో కూర్చే బంతి మెక్సికో నుంచి వచ్చింది. జాబితాలో స్థానికం, పరాయి అని రెండు గడులు పెడదామన్న కుర్రాణ్ణి సిద్దిపేట కోడలు, "అయితే నన్ను ఏ గడిలో రాస్తవు? నేను కరీంనగర్ల పుట్టిన" అని అడిగింది. గడులు పెట్టాం లెండి. అడవిని మింగేసే లంటానానూ గాయం మాన్పే నల్లాలాన్నీ ఒకే మాటతో తిట్టడం నాకు నచ్చదు గానీ, తేడా రాసుకోవడం అవసరమే.

నష్టం చేసిన తప్పు ఇంకొకటి. ఒక జులైలో అడవినాభి కనిపించింది. పొడుగాటి ఆకు కొన నులితీగై పక్క మొక్కను పట్టుకుని పైకి పాకుతుంది. రేకులు పసుపులోంచి ఎరుపులోకి మారుతూ నిప్పుల్లా పైకి లేచి ఉంటాయి. అందరం ఫోటోలు తీశాం. ఒకరు మురిసిపోయి, చోటు గుర్తుతో సహా అందరూ చూసేలా ఎక్కడో పెట్టారు. రెండు వారాల తర్వాత వెళ్తే అక్కడ గుంతలున్నాయి. దాని దుంప విషం. అందులోని కాల్చిసిన్ అనే పదార్థానికి మందుల వ్యాపారంలో గిరాకీ ఉంది. తవ్వినవాళ్ళు ఆ ఫోటో చూసే వచ్చారని రుజువు లేదు. మేం మాత్రం అప్పట్నుంచి చోట్లు బయటికి చెప్పడం మానేశాం. అంటే పూలు అందరివీ అంటూనే చిరునామా దాచుకుంటున్నాం. ఈ వైరుధ్యానికి నా దగ్గర విరుగుడు లేదు.

ఇంత శ్రమపడి చూసి ఏం ఉద్ధరించారు, కొండలు క్వారీలైపోతుంటే మీరు గడ్డిపూలు చూస్తున్నారా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అర్జీలు పెట్టేవాళ్ళు పెట్టాలి, మాలో ఇద్దరు పెడుతున్నారు. అయితే మా ఆదివారాన్ని కూడా ఉద్యమంగా మార్చేస్తే సగంమంది రారు, ముందుగా మానేసేది నేనే. సంతోషం కోసం కలవడానికి సంజాయిషీ అక్కర్లేదని నా మొండితనం.

సంతోషం అంటే ఎలాంటిదో ఒకటి చెప్తాను. ఎన్నాద్రి కూర అందరూ చూసే ఉంటారు. పత్తి చేలల్లో, కంది చేలల్లో రైతులు తిట్టుకుంటూ పీకేసే కలుపు. రెండు నీలిరేకులు పెద్దవి, మూడోది చిన్నది. ఈ జాతికి లినేయస్ పేరుపెట్టింది కొమ్మెలిన్ అనే ఇంటివాళ్ళ మీద. ఇద్దరు పేరున్న బాటనిస్టులకు రెండు పెద్ద రేకులు, ఏమీ సాధించకుండానే పోయిన మూడోవాడికి ఆ చిన్న రేకు అని ఆయనే రాశాడు. ఇది విన్నప్పుడే మేం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత సారు ఒక మొక్కను వేళ్ళతో సహా జాగ్రత్తగా లేపి మట్టి దులిపారు. వేళ్ళ మధ్య తెల్లగా, ముడుచుకునే ఉన్న పూలు! ఎన్నాద్రి భూమి లోపల కూడా పూస్తుంది. ఆ పూలు ఎన్నడూ విచ్చుకోవు, తేనెటీగ ముఖం చూడవు, లోపల్లోపలే గింజ కడతాయి. డెబ్బై దాటిన మనిషి ఆ మట్టిచేతిని చాచి, "చూశారా, చూశారా" అంటూ ఒక్కొక్కరి ముందుకూ తీసుకెళ్ళారు. చిన్నప్పట్నుంచి ఆ కూర తిన్న కోడలు, "ఇన్నేండ్లు దీన్ని కడిగి పారబోసిన్నా నేను!" అని నోరు తెరిచింది.

మేకల ముసలామెను ఈ జనవరిలో వెతుక్కుంటూ వెళ్ళి కలిశాం. పేరు అడిగితే, "నా పేరెందుకు బిడ్డా, గిలిగిచ్చకు నేనేమన్న తల్లినా?" అని నవ్వింది. చెప్పాక సారు దాన్ని నోటుపుస్తకంలో రాశారు. ఆగస్టునాటి ఆ వరుసలోనే, అనుమానం గడి పక్కన. ఇక్కడ మాత్రం రాయను, రాయొచ్చా అని ఆమెను అడగలేదు కాబట్టి. ఆ రోజు నాలుగు మొక్కలు చూపించింది. రెండింటికి మా సారు దగ్గర లాటిన్ లేదు. ఒకదాని దగ్గర ఆమెకే అనుమానం వచ్చి, "పువ్వు పూసినప్పుడు రాండ్రి, జూస్తా" అంది.

ఇదంతా మా మేనల్లుడికి ఫోన్లో చెప్పాను, ఇంత వివరంగా కాదు. వాడు ఊఁ కొట్టాడు. మొన్న రాత్రి వాడి ఆఫీసు వెనక గోడ పక్కన పూసిన పసుపుపచ్చ పువ్వు ఫోటో పంపాడు. కింద యాప్ ఇచ్చిన పేరు, పక్కనే వాడు పెట్టిన ప్రశ్నార్థకం.

కాయ ఉందా అని అడిగాను. చూడలేదు, రేపు చూస్తానన్నాడు.